అందరూ నిలబడితే అలుపుండదు

ఈ సంచిక మీ చేతికి అందేసరికి పిల్లల పరీక్షలు అయిపోయి ఉంటాయి. సెలవులకి ఎక్కడికి వెళ్దాం అన్న చర్చ ఇంటింటా మొదలై ఉంటుంది. పెద్దవాళ్ళు తిరుపతి అంటారు. పిల్లలు అమ్యూజ్‌మెంట్ పార్కు అంటారు. ఎవరి మాట నెగ్గినా చివరికి మనం చేసే పని ఒకటే, క్యూలో నిలబడటం.

ఈసారి మన కబుర్లు ఆ నిలబడటం గురించే. రెండు మూడు నిమిషాల్లో అయిపోయే ఒక రోలర్ కోస్టర్ కోసం మనిషి ఎంతసేపు నిలబడగలడు? ఇదేదో పిల్లల సంగతి అనుకుని పేజీ తిప్పేయకండి. కిందటి డిసెంబరులో మా సంఘం పిక్నిక్‌కి వెళ్ళినప్పుడు ఈ ప్రశ్న దగ్గరే పెద్దవాళ్ళ మధ్య మాటా మాటా పెరిగింది. ఆ సంగతికి తరువాత వస్తాను. ముందు కాస్త లెక్క, కాస్త చరిత్ర చెప్పుకుందాం.

నిలబడటం మనకి కొత్త కాదు. కిరసనాయిలు డబ్బాని వరుసలో పెట్టి, పక్కవాళ్ళకి అప్పజెప్పి, ఇంటికి వెళ్ళి కాఫీ తాగి వచ్చిన తరం మాది. తిరుమలలో సర్వదర్శనానికి పద్ధెనిమిది గంటలు పడుతోందని పొద్దున్న పేపర్లో చదివి, సాయంత్రానికి బస్సెక్కే జనం మనం. అయితే తిరుమలలో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో ఆ గంటలన్నీ కాళ్ళ మీద నిలబడక్కర్లేదు. కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెడతారు. పాలూ, అన్నప్రసాదమూ అక్కడికే తెచ్చి ఇస్తారు. తలుపు తీసినప్పుడు లేచి కదిలితే సరిపోతుంది. మనిషిని ఆపి ఉంచాల్సి వస్తే ఎలా ఆపాలి అనే విద్య ఆ కొండ మీద వాళ్ళకి బాగా తెలుసు.

జాతర్ల సంగతి వేరు. సోలాపూరులో ఉన్నవాళ్ళకి సంక్రాంతి నాటి సిద్ధేశ్వర జాతర తెలుసు. బరంపురం వాళ్ళకి రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర తెలుసు. యానాం వాళ్ళకి చుట్టుపక్కల ఊళ్ళ తీర్థాలు తెలుసు. అక్కడ జెయింట్ వీల్ దగ్గరైనా, కొలంబస్ దగ్గరైనా వరుస అంటూ ఒకటి ఉండదు. ఉండేది గుంపు. కండ ఉన్నవాడు ముందు ఎక్కుతాడు. చంకలో పిల్లతో ఉన్న తల్లి చివర ఎక్కుతుంది. అయితే ప్రతిదానికీ విడిగా టికెట్టు కొనాలి కాబట్టి, జేబులో డబ్బు అయిపోగానే ఆటా అయిపోతుంది. గంటల తరబడి ఆగాల్సిన అవసరం ఎవరికీ రాదు.

వరుస అనేది అసలు ఎందుకు పుట్టిందో ఆ గుంపును చూస్తే అర్థమవుతుంది. బలం లేనివాడికి కూడా వంతు వస్తుందని హామీ ఇవ్వడానికే. జనం వేలల్లో చేరిన చోట ఆ హామీ తెగిపోతే ఏమవుతుందో 2025 జనవరి 8న తిరుపతిలో చూశాం. వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవాళ్ళలో ఆరుగురు తొక్కిసలాటలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందుకని వరుసని విసుక్కునేటప్పుడు కూడా ఒక్క క్షణం దానికి దణ్ణం పెట్టుకోవాలి.

ఇక పార్కులు. బొంబాయి, భివండీ వైపు ఉన్న మనవాళ్ళకి మొదటి పెద్ద పార్కు గొరాయ్‌లోని ఎస్సెల్ వరల్డ్. 1989లో మొదలై 2022లో మూతబడింది. అక్కడికి లాంచీ మీద వెళ్ళేవాళ్ళు కాబట్టి పార్కులో వరుస కంటే ముందు లాంచీ వరుస ఉండేది. మద్రాసు వాళ్ళకి వి.జి.పి. గోల్డెన్ బీచ్ గుర్తుండే ఉంటుంది. అక్కడ కాపలావాడి వేషంలో బొమ్మలా కదలకుండా నిలబడే మనిషిని నవ్వించాలని పిల్లలు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. నిలబడటం కోసమే జీతం తీసుకున్న మనిషి నాకు తెలిసి ఆయనొక్కడే! బెంగళూరు, హోసూరు వాళ్ళకి 2005 నుంచి బిడది దగ్గర వండర్‌లా ఉంది. పూనా, బొంబాయిల మధ్య ఖోపోలి దగ్గర 2013లో ఇమాజికా వచ్చింది. ఒడిశాలో ఉన్నవాళ్ళకి 2024లో భువనేశ్వర్ దగ్గర వండర్‌లా వచ్చింది. మొత్తం మీద మన పాఠకుల్లో చాలామందికి ఒక పూట ప్రయాణంలో ఏదో ఒక పార్కు దొరుకుతుంది.

ఈ పార్కుల్లో పద్ధతి జాతర పద్ధతికి తలకిందులు. గేటు దగ్గర ఒక్కసారి డబ్బు కడితే లోపల ఎన్నిసార్లయినా, ఏదయినా ఎక్కొచ్చు. మొదట్లో పార్కుల తాతలాంటి డిస్నీలాండ్‌లో కూడా ఇలా లేదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1955లో తెరిచిన ఆ పార్కులో 1982 వరకూ టికెట్ల పుస్తకాలు అమ్మేవాళ్ళు. చిన్న ఆటకి ఒక అక్షరం టికెట్టు, పెద్ద ఆటకి ఇంకో అక్షరం టికెట్టు. పుస్తకంలో మంచి టికెట్లు అయిపోతే చిన్నవాటితో సరిపెట్టుకోవడమే. ఆ తరువాత పుస్తకాలు తీసేసి గేటు దగ్గరే ఒక ధర పెట్టారు.

చూడటానికి ఇది మనకి లాభం అనిపిస్తుంది. కానీ ఊరికే వచ్చేదానికి జనం ఎప్పుడూ ఎక్కువే. లోపల ఒక్కో రైడుకి విడిగా ధర లేకపోతే అందరూ ఆ పెద్ద రోలర్ కోస్టర్ దగ్గరికే పరిగెడతారు. అప్పుడు దాని ధరని డబ్బుతో కట్టం, నిమిషాలతో కడతాం. గేటు దగ్గర రూపాయలు, లోపల నిమిషాలు. ఎంతసేపు నిలబడతారు అని అడగడం అంటే, దానికి ఎంత ఇస్తారు అని అడగడమే.

ఆ ధరని ముందే లెక్కగట్టవచ్చు. కొలతబద్ద ఏమీ అక్కర్లేదు, చేతి గడియారం చాలు. వరుసలో చేరే ముందు ఒక పక్కన నిలబడి రెండు విషయాలు చూడండి. ఒక్కో బండిలో ఎంతమంది ఎక్కుతున్నారు? ఒక బండి బయల్దేరిన తరువాత రెండోది ఎన్ని నిమిషాలకి బయల్దేరుతోంది? ఇరవై సీట్ల బండి మూడు నిమిషాలకోసారి కదిలితే గంటకి ఇరవై ట్రిప్పులు, అంటే 400 మంది. ఇప్పుడు పాములా మెలికలు తిరిగిన వరుసలో ఒక మెలికలో ఎందరున్నారో లెక్కపెట్టండి. పాతికమంది చొప్పున పదహారు మెలికలుంటే మీ ముందు 400 మంది ఉన్నట్టు. మీ వంతు గంటకి వస్తుంది. ఇది మన ఇళ్ళల్లో నీళ్ళ ట్యాంకు నిండే లెక్కే. దీన్నే జాన్ లిటిల్ అనే ఆయన 1961లో గణితంగా నిరూపిస్తే ఆయన పేరుతోనే సూత్రం అయింది. అంతకుముందే 1909లో డెన్మార్కులో ఎర్లాంగ్ అనే ఇంజనీరు టెలిఫోన్ కాల్స్ ఎంతసేపు ఆగాల్సి వస్తుందో లెక్కలు కట్టి, వరుసల శాస్త్రానికి పునాది వేశాడు.

రోజు మొత్తానికి కూడా ఇలాగే లెక్క వేసుకోవచ్చు. పార్కులో మీకు దొరికేది ఏడు గంటలు. భోజనానికీ, చేతులు కడుక్కోవడానికీ ఒక గంట తీసేయండి. టికెట్టు 1,200 రూపాయలు అనుకుందాం. రైడుకి అరగంట చొప్పున నిలబడి, ఎక్కి దిగడానికి ఐదు నిమిషాలు కలుపుకుంటే పది రైడ్లు వస్తాయి. ఒక్కోదానికి 120 రూపాయలు పడ్డట్టు. అదే గంటన్నర చొప్పున నిలబడితే నాలుగు కూడా పూర్తి కావు. ఒక్కోటి 300 పైమాటే.

ఇంత లెక్క తెలిసినా జనం ఆ గంటన్నర వరుసలోనే నిలబడతారు. ఎందుకంటే గడియారంలో గంట వేరు, కాళ్ళకి తెలిసే గంట వేరు. డేవిడ్ మేస్టర్ అనే ఆయన 1985లో ఈ విషయం మీద ఒక వ్యాసం రాశాడు. వరుసల గురించి మాట్లాడేవాళ్ళు ఇప్పటికీ దాన్నే ఉదహరిస్తారు. ఆయన చెప్పిన వాటి సారాంశం ఇది. చేతికి పనిలేని సమయం పని ఉన్న సమయం కంటే పొడుగ్గా అనిపిస్తుంది. ఎంతసేపో తెలియని ఆగడం, తెలిసిన దానికంటే పొడుగు. కారణం చెప్పకుండా ఆపితే ఇంకా పొడుగు. ఒంటరిగా ఆగడం, నలుగురితో ఆగడం కంటే పొడుగు. వీటితో పాటు ఇంకొక మాట అన్నాడు. అన్యాయం జరుగుతోందనిపించే ఆగడం, న్యాయంగా సాగే ఆగడం కంటే పొడుగు. ఈ చివరి మాటని ఒక పక్కన పెట్టి ఉంచండి. మళ్ళీ అవసరం వస్తుంది.

పార్కుల వాళ్ళు ఇవన్నీ వంటబట్టించుకున్నారు. వరుసని తిన్నగా కాకుండా మెలికలు తిప్పేది స్థలం కలిసొస్తుందనే కాదు, అడుగు అడుగుకీ కదులుతున్నట్టు ఉంటుందని కూడా. మధ్యలో బొమ్మలు, టీవీలు, ఫ్యాన్లు పెడతారు. ఇక్కడి నుంచి నలభై ఐదు నిమిషాలు అని బోర్డు పెడతారు. నిజానికి ముప్పై ఐదుకే మీ వంతు వస్తుంది. పది నిమిషాలు మిగిలాయని మీరు సంతోషంగా ఎక్కుతారు. పెళ్ళిళ్ళకి వంటవాళ్ళని కుదిర్చేవాళ్ళకి ఈ కిటుకు తెలిసినదే. పదకొండుకి వడ్డన అని చెప్పి పదిన్నరకే విస్తళ్ళు వేస్తే అందరూ మెచ్చుకుంటారు. తొమ్మిదిన్నర అని చెప్పి పదిన్నరకి వేస్తే, అదే భోజనానికి వంకలు పెడతారు.

ఇంకొక విచిత్రం ఉంది. వరుసలో ఉన్న మనిషి ముందు చూపుకి ఎంత లొంగుతాడో వెనక చూపుకీ అంత లొంగుతాడు. రాంగ్‌రాంగ్ జౌ, దిలీప్ సోమన్ అనే ఇద్దరు పరిశోధకులు 2003లో ఈ సంగతి ప్రకటించారు. మన వెనక జనం పెరుగుతున్న కొద్దీ వరుస వదిలి వెళ్ళిపోవాలనే ఆలోచన తగ్గుతుందట. ముందున్నవాళ్ళ సంఖ్య అదే అయినా సరే. వెనక ఇంతమంది ఉన్నారంటే మనం ఎంతో కొంత సంపాదించినట్టే కదా అనే తృప్తి!

ఈ తృప్తి ఎందాకా తీసుకెళ్తుందో చెప్పాలంటే ఒక్క ఉదాహరణ చాలు. 2019 జూన్ 13న అమెరికాలో ఆర్లాండో దగ్గరున్న యూనివర్సల్ పార్కులో హ్యారీ పోటర్ కథల్లోని హ్యాగ్రిడ్ పేరుతో మోటారు సైకిల్ రోలర్ కోస్టర్ ఒకటి తెరిచారు. మొదటి రోజున ఆగాల్సిన సమయం పది గంటల దాకా వెళ్ళింది. పది గంటల్లో బెంగళూరు నుంచి బస్సులో తిరుపతి వెళ్ళి వెనక్కి కూడా వచ్చేయొచ్చు!

మన సంగతేమిటో తెలుసుకుందామని పిక్నిక్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఒక్కొక్కరినీ అడిగాను. ఎంతసేపైతే నిలబడతారు? ఎనిమిదో తరగతి కుర్రాడు, "మూడు గంటలు. కాకపోతే ముందు ఎక్కినవాడు దిగి, బాగుంది అని చెప్పాలి" అన్నాడు. ఇద్దరు పిల్లల తల్లి, "నీడ ఉంటే అరగంట. లేకపోతే పది నిమిషాలు" అంది. కొత్తగా పెళ్లయిన ఒక అబ్బాయి, "ఫోన్‌లో చార్జింగ్ ఉన్నంతసేపు" అన్నాడు. పక్కనే ఉన్న భార్య ఏమీ అనలేదు గానీ కిటికీ వైపు తిరిగింది. అందరికంటే పెద్దావిడ, డెబ్భై దాటినామె, "నేను ఎక్కేదెక్కడ బాబూ, నా మనవడు దిగేదాకా నిలబడతాను" అంది. అంటే ఆవిడ సమాధానంలో గంటలూ లేవు, నిమిషాలూ లేవు.

ఇక అసలు సంగతికి వస్తాను. పార్కుల్లో ఇప్పుడు రెండు రకాల టికెట్లు ఉంటున్నాయి. మామూలుది ఒకటి. దానికంటే బాగా ఎక్కువ పెట్టి కొంటే వరుసలో నిలబడకుండా వేరే దారిలో తిన్నగా బండి దగ్గరికి తీసుకెళ్ళేది ఇంకొకటి. ఫాస్ట్‌ట్రాక్ అనీ, ఎక్స్‌ప్రెస్ అనీ రకరకాల పేర్లున్నాయి. అమెరికా డిస్నీ పార్కుల్లో 1999లో దీన్ని మొదలుపెట్టినప్పుడు డబ్బు తీసుకోలేదు. గేటు టికెట్టుని యంత్రంలో పెడితే, ఫలానా వేళకి రండి అని చీటీ వచ్చేది. అందరికీ ఒకటే పద్ధతి. ఆ వేళ వరకూ హాయిగా ఎక్కడైనా తిరగొచ్చు. 2021లో ఆ ఉచితం పోయి, డబ్బు కట్టే పద్ధతి వచ్చింది. మన దేశంలోని పెద్ద పార్కుల్లో కూడా ఎక్కువ ధర టికెట్టు అలవాటయింది.

ఇక్కడ ఒక లెక్క చూడండి. ఇందాకటి ఇరవై సీట్ల బండినే తీసుకుందాం. దాంట్లో ఎనిమిది సీట్లు వేరే దారిలో వచ్చేవాళ్ళకి ఇచ్చారనుకోండి. మామూలు వరుసకి మిగిలేవి పన్నెండు. గంటకి 400 బదులు 240 మందే కదులుతారు. మీ ముందున్నది అదే 400 మంది. మీ గంట కాస్తా గంటా నలభై నిమిషాలు అవుతుంది. బండి పెరగలేదు, పట్టాలు పెరగలేదు, వేగం పెరగలేదు. మీ తరువాత వచ్చినవాళ్ళు మీకంటే ముందు ఎక్కారు, అంతే. కాబట్టి పార్కువాడు వాళ్ళకి అమ్మిన నిమిషాలు ఎక్కడో తయారైనవి కావు. మామూలు వరుసలో ఉన్నవాళ్ళ దగ్గర తీసుకున్నవి. డబ్బు మాత్రం ఆ వరుసలో వాళ్ళకి రాదు.

మా పిక్నిక్‌లో జరిగింది ఇదే. మేము నలభై మందికి పైగా వెళ్ళాం. సంఘం అన్నాక అన్ని రకాల వాళ్ళూ ఉంటారు. కంప్యూటరు ఉద్యోగాలవాళ్ళు, బ్యాంకులో రిటైరైనవాళ్ళు, చిన్న టైలరింగు షాపు నడుపుకునేవాళ్ళు, పప్పు దినుసుల కొట్టు వాళ్ళు. బస్సులో అందరి పులిహోరా ఒకే గిన్నెలోంచి తిన్నాం. గేటు దగ్గర రెండు కుటుంబాలవాళ్ళు ఎక్కువ ధర టికెట్లు తీసుకున్నారు. దాచిపెట్టి చేసిందేమీ కాదు. వాళ్ళ డబ్బు, వాళ్ళిష్టం.

పెద్ద రోలర్ కోస్టర్ దగ్గర పిల్లలు పధ్నాలుగు మంది ఉన్నారు. పొద్దున్నుంచీ జట్టుగా తిరుగుతున్నవాళ్ళు. అక్కడికి వచ్చేసరికి నలుగురు వేరే దారిలో వెళ్ళారు, పదిమంది వరుసలో నిలబడ్డారు. కాసేపటికి ఆ నలుగురూ నెత్తి మీద నుంచి కేకలు పెడుతూ, చేతులూపుతూ వెళ్ళారు. వరుసలోవాళ్ళు కూడా చేతులూపారు. ఇంకాసేపటికి వాళ్ళు రెండోసారి ఎక్కారు. ఈసారి వరుసలో చేతులు లేవలేదు. పదేళ్ళ పిల్లాడు ఒకడు వాళ్ళ నాన్నని అడిగాడు.

"మనం లేటుగా వచ్చామా నాన్నా?"

"లేదురా. అందరం ఒకే బస్సులో కదా వచ్చాం."

"మరి?"

ఆయన నా వైపు చూశాడు. నా దగ్గర కూడా జవాబు లేదు. డబ్బు అని చెప్పొచ్చు. కానీ పదేళ్ళవాడికి ఆ మాట ఎలా చెప్పినా, మీ నాన్న దగ్గర లేదు అన్నట్టే వినిపిస్తుంది.

మూడోసారికి ఆ నలుగురిలో ఒక అమ్మాయి తల్లితో పేచీ పెట్టుకుని వచ్చి మా వరుసలో చేరింది. మధ్యలో దూరలేదు, వెళ్ళి చివర నిలబడింది. కాసేపటికి మా పిల్లల్లో నలుగురు కూడా వెనక్కి వెళ్ళి ఆ అమ్మాయి దగ్గర నిలబడ్డారు. "నీకు టికెట్టుంది కదే, ఎందుకొచ్చావు?" అంటే, "అక్కడ మాట్లాడ్డానికి ఎవరూ లేరు తాతగారూ" అంది. ఆ తరువాత అక్కడ తెలుగు పాటల అంత్యాక్షరి మొదలైంది. ఇంటి బయట అడుగు పెడితే ఆ ఊరి భాష, స్కూల్లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు, ఎక్కడి నుంచి తీశారో గానీ పాత పాటలన్నీ తీశారు. మా వెనక నిలబడ్డ, ముక్కూ మొహం తెలియని ఒక కుటుంబం, "మీరు తెలుగువాళ్ళా?" అని అడిగి, వాళ్ళూ అందుకున్నారు. ఆ వరుసలో గంటా పది నిమిషాలు నిలబడ్డామని గడియారం చూస్తే తెలిసింది.

భోజనాల దగ్గర మాట పెరిగింది ఈ విషయం మీదే. ఎక్కువ ధర టికెట్టు కొన్న ఒకాయన వాదన మీరు కూడా వినాలి, అందులో న్యాయం ఉంది. "వారమంతా పొద్దున్నుంచి రాత్రిదాకా పనిచేస్తాను. పిల్లలతో గడిపేది ఈ ఒక్క రోజు. దాన్ని వరుసలో పోగొట్టుకోలేను. నేను ఎవరినీ తోసుకుని వెళ్ళలేదు, ఎవరికీ లంచం ఇవ్వలేదు. తిరుమలలో 300 రూపాయల దర్శనానికి మీరంతా వెళ్ళడం లేదా?" అన్నారు. తిరుమల మాటకి కాసేపు ఎవరూ నోరెత్తలేదు.

ఇంకొకావిడ అంతకంటే సూటిగా అంది. "ఫాస్ట్‌ట్రాక్ అంటే కోపం వస్తోంది గానీ, పొద్దున్న నీళ్ళ ఆట దగ్గర మనవాళ్ళు ఒక్కరు ముందు నిలబడితే వెనక నుంచి ఏడుగురు వెళ్ళి, మావాళ్ళు ముందున్నారండీ అంటూ చేరలేదా? అది మాత్రం ఏమిటి, డబ్బు కట్టని ఫాస్ట్‌ట్రాకే కదా!" నిజమే. అమెరికాలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం వరుసల్లోకి మనుషుల్ని కావాలని దూర్చి ఏం జరుగుతుందో చూసింది. ఆ ఫలితాలు 1986లో వచ్చాయి. అడ్డు చెప్పేవాళ్ళలో ఎక్కువమంది దూరినవాడికి సరిగ్గా వెనక ఉన్నవాళ్ళే. మన దగ్గర ఆ వెనక ఉన్నాయన, పోనీలే పిల్లలతో ఉన్నారు అని ఊరుకుంటాడు. ఆయన మంచితనం మీద మన ఏడుగురం ఎక్కేస్తాం.

ఈ వాదనలన్నీ విన్న తరువాత నాకు తోచింది ఇది. ఎవరి కుటుంబంతో వాళ్ళు వెళ్ళినప్పుడు ఏ టికెట్టు కొనుక్కుంటారో అది వాళ్ళిష్టం. ఒకరిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. పెద్దవాళ్ళకీ, నడవలేనివాళ్ళకీ, చంటిపిల్లల తల్లులకీ వేరే దారి ఇవ్వడం అన్యాయం కానే కాదు. వరుస పుట్టిందే బలం లేనివాళ్ళ కోసం అని ముందే అనుకున్నాం కదా. తిరుమలలోనూ 300 రూపాయల దర్శనానికి వెళ్తే ఒక బృందంగా వచ్చినవాళ్ళు అందరూ దానికే వెళ్తారు. ఒకే బస్సులో వచ్చి, సగంమంది ఒక దారిన, సగంమంది ఒక దారిన వెళ్ళడం నేను చూడలేదు.

చిక్కంతా అక్కడే ఉంది. పొరుగు రాష్ట్రాల్లో తరాల తరబడి ఉంటూ మనం సంఘాలు పెట్టుకున్నది ఎందుకు? ఉగాదికీ, సంక్రాంతికీ, ఇలాంటి పిక్నిక్‌కీ కలుసుకునేది ఎందుకు? ఊళ్ళో మిగతా రోజుల్లో ఎవరి వీధి వాళ్ళది, ఎవరి స్కూలు వాళ్ళది. ఆ ఒక్క రోజు మన పిల్లలు మన పిల్లలుగా కలిసి ఉండాలని. ఆ రోజున కూడా పిల్లల్ని టికెట్టు చూసి రెండు గేట్ల లోంచి పంపితే, సంఘం చందా కట్టి మనం నేర్పింది ఏమిటి? మేస్టర్ చెప్పిన ఆ చివరి మాట ఇక్కడికి వస్తుంది. ఆ పిల్లవాడికి గంట నిలబడటం కష్టం కాలేదు. అప్పటికి పొద్దున్నుంచీ నవ్వుతూ ఎన్నో వరుసల్లో నిలబడ్డాడు. తన జట్టువాడు నెత్తి మీద నుంచి రెండోసారి వెళ్ళాక అదే వరుస వాడికి మోయలేనిదయింది.

అందుకని మా కార్యవర్గం ముందు నేనొక ప్రతిపాదన పెట్టాను. సంఘం తరఫున వెళ్ళినప్పుడు ఎక్కువ ధర టికెట్టు కొంటే అందరికీ కొనాలి, లేకపోతే ఎవ్వరికీ వద్దు. అందరికీ కొనడం మా నిధికి శక్తికి మించిన పని. కాబట్టి రెండోదే దారి. దాంతో పాటు వరుసలు తగ్గే ఉపాయాలు కూడా రాసిచ్చాను. మీ సంఘానికీ పనికొస్తాయేమో చూడండి.

శని, ఆదివారాలూ పండగ సెలవులూ వదిలేసి, చుట్టుపక్కల స్కూళ్ళు నడుస్తున్న రోజుల్లో, మన పిల్లలకి సెలవు దొరికే రోజు చూసుకుని వెళ్ళండి. గేటు తెరిచే వేళకి అక్కడ ఉండండి. లోపలికి వెళ్ళగానే అందరూ మొదట కనబడ్డ రైడు దగ్గర ఆగిపోతారు. మీరు ఆగకుండా, ఎక్కువ జనం వచ్చే పెద్ద రైడు దగ్గరికి తిన్నగా వెళ్ళండి. మొదటి గంటలో రెండు పెద్దవి అయిపోతే మిగతా రోజంతా నిదానంగా గడపొచ్చు. పన్నెండున్నర నుంచి రెండు దాకా భోజనశాల వరుస రైడు వరుస కంటే పెద్దది. పదకొండున్నరకే తినేయండి, లేదా రెండున్నర దాకా ఆగండి. వరుసలో చేరే ముందు పిల్లల్ని బాత్‌రూముకి పంపండి. పొడుగు కొలిచే గుర్తు దగ్గర చిన్నవాళ్ళని ముందే నిలబెట్టి చూడండి. గంట నిలబడ్డాక, నువ్వు సరిపోవు అని వెనక్కి పంపితే ఆ ఏడుపు బస్సుదాకా వినిపిస్తుంది. ఒకరికోసం ఏడుగురు దూరడం మానండి, ఎనిమిది మందీ కలిసే చేరండి. ఒక జట్టులో ఫోన్ పక్కన పెట్టి కథో, పాటో మొదలుపెట్టే పెద్దమనిషి ఒకరుండేట్టు చూసుకోండి. ఆ ఒక్కరూ ఉంటే అరగంట లెక్కలోకి రాదు.

కార్యవర్గం సమావేశంలో ప్రతిపాదనకి ముందుగా చెయ్యెత్తింది, భోజనాల దగ్గర నాతో వాదించిన ఆయనే. కాకపోతే ఒక షరతు పెట్టారు. ఈ డిసెంబరులో పిక్నిక్ ఆదివారం కాకుండా మంగళవారం పెట్టాలి, ఆయన సెలవు పెట్టుకుంటారు. అందరం ఒప్పుకున్నాం. బస్సు పొద్దున్న ఐదున్నరకి బయల్దేరుతుంది. పులిహోర ఈసారి ఆయన ఇంటి నుంచే వస్తుందట. మీ సంఘంలో ఇలాంటి చర్చ వచ్చి ఉంటే ఏం తేల్చుకున్నారో రాయండి, వచ్చే సంచికలో అందరితో పంచుకుందాం.